మేడమీది స్నానం

మేడమీద వాళ్ళు స్నానం ఎలా చెయ్యాలో టైలరు ఒక కాగితం మీద రాసి, మెట్ల మొదట్లో గోడకి అంటించాడు. ఒకటి: స్నానం ప్లాస్టిక్ టబ్బులో కూర్చుని చెయ్యవలెను. రెండు: నీళ్ళు టబ్బు దాటి నేలమీద పడరాదు. మూడు: స్నానమైన తరవాత ఆ నీళ్ళు బాత్రూములో వంచక, బకెట్లోకి తోడి, వెనక మెట్ల మీదుగా తెచ్చి పెరటి కాలవలో పొయ్యవలెను. కింద 'ఇట్లు, ఇంటి యజమాని' అని రాసి సంతకం కూడా పెట్టాడు. ఉన్నవే రెండు వాటాలు కాబట్టి ఆ యజమాని ఎవరా అని ఎవరూ తికమకపడే అవకాశం లేదు. అయినా పెట్టాడు.

కింద వాటాలో టైలరూ ఆయన భార్యా ఉంటారు. ముందు గదే ఆయన దుకాణం. పై వాటాలో బస్సు కండక్టరు, ఆవిడ అత్తగారు ఉంటున్నారు. కండక్టరు భర్త దూరాలకి లారీ తోలుతాడు. తన వాళ్ళ దగ్గరికే చుట్టంలా వచ్చిపోతుంటాడు.

ఇన్ని నియమాలకీ కారణం దుకాణం పైకప్పు మీది మచ్చ. ఏడాది కిందట అరచెయ్యంత ఉండేది, ఇప్పుడు చాపంత అయింది. దాని మధ్యలోంచి నిమిషానికో చుక్క ఊరి, సరిగ్గా గుడ్డ కత్తిరించే బల్లమీద పడుతుంది. టైలరు బల్లని మూడుసార్లు జరిపాడు. మచ్చ కూడా పట్టుపట్టి బల్ల వెనకాలే వచ్చింది.

ఆవేళ పొద్దున్న లాయరుగారి తెల్ల ప్యాంటు గుడ్డ పరిచి, సుద్దతో నడుము గీత గీస్తున్నాడు. టప్పున ఒక చుక్క వచ్చి గీతమీదే పడింది. టైలరు నోట్లోంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేసి, మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మాయ్! ఎవరది, నిలబడి పోసుకుంటున్నది?"

కండక్టరు యూనిఫారంలో, భుజాన టిక్కెట్ల సంచీతో దిగి వచ్చింది. రోజంతా బస్సులో అరిచే గొంతు కనక ఇంట్లో మెల్లిగానే మాట్లాడుతుంది. ఆవిడ మెల్లిగా అంటే పక్కింటికి మాత్రమే వినపడేంత.

"నేనింకా స్నానమే చెయ్యలేదు బాబాయ్, పనిలోంచి వచ్చాక చేస్తాను. అత్తయ్య ఇప్పుడే లేచి మొహం కడుక్కుంటోంది."

"మరి ఈ చుక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఆ చుక్కనే అడగండి." గోడమీది కాగితాన్ని ఒకసారి చూసి, సంచీ సర్దుకుంది. "మీతో చెప్పాలనే అనుకుంటున్నాను. ఒకటో తారీకుకి ఖాళీ చేసేస్తాం. బస్టాండు వెనక ఇల్లు చూశాను. ఇంతకన్నా చిన్నదే. కానీ అక్కడ నిలబడి స్నానం చెయ్యొచ్చట. నేనడక్కుండానే ఆ ఇంటావిడ చెప్పింది."

"వెళ్తే వెళ్ళండి. నా ఇంటికి మనుషులు దొరక్కపోతారా?" అన్నాడు టైలరు. ఆవిడ అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. అంతా విన్నది. ఆవిడకి మేడమీది పెద్దావిడ అంటే ప్రాణం. సాయంత్రం నాలుగైతే ఇద్దరూ మూడో మెట్టుమీద కూర్చుని, దుకాణంలో మిగిలిన జాకెట్లకి హుక్కులు కుడుతూ ఊళ్ళో వాళ్ళందర్నీ ఒక్కొక్కర్నే తీసుకొచ్చి నిలబెట్టి కడిగేస్తారు. వదినా వదినా అని పిలుచుకుని పిలుచుకుని, నిజంగానే ఆడపడుచు అయిపోయిందనుకుంటుంది టైలరు భార్య.

"వదిన వెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడాలి?" అంది.

"నాతో మాట్లాడు."

"మీ నోట్లో ఎప్పుడూ గుండుసూదులేగా!" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవేళ మధ్యాహ్నం అన్నం పెట్టింది గాని ఒక్క మాటా వడ్డించలేదు.

*

ఇల్లు చూడ్డానికి మర్నాడే జనం వచ్చారు. మొదట వచ్చినాయన మెట్ల దగ్గర ఆగి, కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివాడు. "ఇవన్నీ కంఠస్థం వచ్చాక పరీక్షేమైనా పెడతారాండీ?" అని అడిగి, మేడ ఎక్కకుండానే సెలవు తీసుకున్నాడు.

రెండోసారి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. పై వాటా చూసి బాగుందన్నారు. దిగి వచ్చి దుకాణంలో కూర్చుంటే చుక్కల కోసం బల్లమీద పెట్టిన గిన్నెలో టప్పుమంది. అక్క పైకి చూసింది, చెల్లెలు గిన్నెలోకి చూసింది. "మాకేం, మేం పైన బాగానే ఉంటాం. కింద మీరెలా ఉంటున్నారండీ, పాపం?" అంది అక్క. టైలరుకి తల కొట్టేసినట్టయింది. తన ఇంట్లో తననే చూసి జాలిపడి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు.

మూడోసారి వచ్చిన దంపతులకి అన్నీ నచ్చాయి. ఆ హుషారులో టైలరు వాళ్ళకి పెరడు కూడా చూపించాలని వెనక తలుపు తీశాడు. తీసినవాడు అక్కడే నిలబడిపోయాడు.

వెనక మెట్లు ఇనుపవి, ఇరుకు. పెద్దావిడ వాటిమీంచి బకెట్టుతో దిగుతోంది. ముందు బకెట్టు ఒక మెట్టు కిందికి దించి పెడుతుంది. తరవాత కమ్మీ పట్టుకుని ఒక కాలు, దాని పక్కకి రెండో కాలు. కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటుంది. మళ్ళీ బకెట్టు. పదహారు మెట్లు. మూడో నియమం రాయడానికి టైలరుకి నిమిషం కూడా పట్టలేదు. ఏడాదిగా తను మిషను మీద వంచిన తల ఎత్తలేదు, ఎత్తినా పైకప్పు వంకే చూశాడు గాని ఈ మెట్ల వంక చూడలేదు.

వచ్చినావిడ పెద్దావిణ్ణి చూసింది, టైలర్ని చూసింది, మొగుడితో "పదండి" అంది.

టైలరు గబగబా పైకెక్కి బకెట్టు అందుకున్నాడు. "ఇటివ్వండి అక్కయ్యగారూ."

"అలవాటైపోయిందిలే తమ్ముడూ," అంది పెద్దావిడ, నిజంగానే తేలిగ్గా. "మొదట్లో నాలుగుసార్లు దిగేదాన్ని. ఇప్పుడు నీళ్ళు తక్కువ పోసుకుని రెండుసార్లలో కానిచ్చేస్తున్నా."

టైలరుకి సిగ్గేసింది. ఆ నీళ్ళు కాలవలో పోస్తూ, కారుతుంటే నేను మాత్రం ఏం చెయ్యను అని తనకి తను చెప్పుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా సిగ్గు మాత్రం తగ్గలేదు. చేతులు తుడుచుకుని ప్లంబరుకి ఫోను చేశాడు.

*

దారిలో ఉన్నానన్న ప్లంబరుకి ఆ దారి తెమలడానికి రెండు రోజులు పట్టింది. వచ్చి, దుకాణంలో మచ్చ చూశాడు. పైకెళ్ళి బాత్రూం నేలమీద సుత్తి పిడితో అక్కడక్కడా తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"రేపు పొద్దుటిదాకా పైన ఒక్క చెంబు కూడా పోసుకోకండి. బాత్రూం పైపుకి నీళ్ళొదిలే కొళాయి మాత్రం కట్టెయ్యకండి," అన్నాడు.

ఆ పూట మేడమీది వాళ్ళిద్దరూ కిందే స్నానాలు చేశారు. మర్నాడు పొద్దున్న చూస్తే గిన్నె నిండా నీళ్ళు.

"దొంగతనంగా పోసుకున్నారేమో," అన్నాడు టైలరు. అనేశాక తన మాట తనకే బాగాలేదు.

"ఎవరు? మా వదినా? నా కళ్ళముందు మన బాత్రూంలో చేసి, నేనిచ్చిన తువ్వాలుతో తుడుచుకుంది," అంది భార్య.

ప్లంబరు పైకెళ్ళి ఆ కొళాయి కట్టేసి వచ్చాడు. ముగ్గురూ తలలెత్తి నిలబడ్డారు. ఒక చుక్క పడింది. చాలాసేపటికి ఇంకోటి. తరవాత చుక్క అక్కడే ఉబ్బి, పడనా మాననా అని వేలాడి, పడకుండానే ఆరిపోయింది.

"స్నానం నీళ్ళు కావు మాస్టారూ. నేలలో ఉన్న పైపు. అతుకు వదిలేసింది. పాపం, వాళ్ళు టబ్బులో కూర్చున్నా, కుర్చీలో కూర్చున్నా మీకు కారడం కారేదే."

బాత్రూం మూల పలకలు పగలగొట్టడానికి గంట పట్టింది. టైలరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పెద్దావిడ ప్లంబరుకి టీ గ్లాసు పట్టుకుని టైలరు వెనకాల నిలబడింది. సిమెంటు ముక్కలు తీశాక, రెండు పైపులు కలిసే మలుపు బయటపడింది. ప్లంబరు దాన్ని విప్పి, మరలకి చుట్టి ఉన్నదాన్ని గోటితో గీకి పైకి లాగాడు.

"ఇదేంటిది? ఇక్కడ జనపనార చుట్టి రంగు పుయ్యాలి. ఎవడో దారం చుట్టాడు! మామూలుగా చుట్టాడా, వరస తప్పకుండా, ఒక పోగుమీద ఇంకో పోగు ఎక్కకుండా చుట్టాడు. ప్లంబరు పని కాదిది. మా వాళ్ళకింత నీటు ఉండదు."

నానిపోయి, కుళ్ళిపోయి, అయినా ఒకపక్క ఇంకా ముదురాకుపచ్చగా మెరుస్తున్న మైనపు దారం. టైలరు దాన్ని చూడగానే పోల్చుకున్నాడు. ఆ రంగు దారం ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఉండదు. గుడ్డ ఏ రంగైనా సరే, గుండీ అడుగున మొదలు మాత్రం ఆయన ఆ దారంతోనే చుడతాడు. "నేను కుట్టిన గుండీ ఊడితే ఇల్లు రాసిస్తా" అంటాడు అందరితోనూ. ఇల్లు కట్టేరోజున ప్లంబరు రాక, తాపీమేస్త్రి సిమెంటు కలిపేసి తొందరపెడుతుంటే, దారం సంగతి నాకు తెలిసినంత ఎవడికి తెలుసులే అని తనే కూర్చుని చుట్టాడు. చుట్టి, తన పని చూసుకుని తనే మురిసిపోయాడు కూడా.

"ఎవరు మాస్టారూ ఈ మహానుభావుడు?"

"అప్పట్లో... ఎవడో వచ్చాడు," అని నీళ్ళు నమిలాడు టైలరు.

పక్కకి తిరిగితే పెద్దావిడ ఆ దారం వంకే చూస్తోంది. రోజూ సాయంత్రం ఆయన దుకాణంలో హుక్కులు కుట్టే మనిషి. గ్లాసు ప్లంబరుకి అందించి, "చల్లారిపోతుంది, తాగు నాయనా," అని లోపలికి వెళ్ళిపోయింది. గుర్తుపట్టిందో లేదో టైలరుకి తెలియలేదు. ఆ దారం తీసి జేబులో వేసుకున్నాడు.

ప్లంబరు కొత్త మలుపు బిగించి, సిమెంటు పూసి, పలకలు పరిచి, మూడు రోజులు తడి తగలకూడదని చెప్పి వెళ్ళిపోయాడు. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పైపు పాతదైపోయిందంటే చాలు. చేతులు దులుపుకుని కూర్చోవచ్చు.

*

మధ్యాహ్నం టైలరు ఒక చొక్కా కత్తిరించాడు. కుట్టడానికి తీసుకున్న భార్య చొక్కా చేతులు రెండూ పక్కపక్కన పెట్టి, తిప్పి చూసి, మళ్ళీ పెట్టింది.

"ఏమండీ, ఈ చొక్కా వేసుకునేవాడికి రెండూ ఎడమచేతులేనా?"

నలభై ఏళ్ళలో అలాంటి పని ఆయన చెయ్యలేదు. స్టూలుమీద కూలబడి జేబులోంచి దారం తీసి బల్లమీద పెట్టాడు. ఎక్కడ దొరికిందో చెప్పాడు. భార్య దాన్ని చూసింది, ఆయన్ని చూసింది. మొదట నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. గోడకి ఆనుకుని, నేలమీద కూర్చుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

"పైపుకి గుండీ కుట్టారా!" అంది, ఊపిరి అందాక.

"నవ్వకే. ఏడాదిపాటు ఆవిడచేత మోయించాను."

భార్య నవ్వు ఆపింది. చెంగుతో మొహం తుడుచుకుంది. "అయితే పైకి వెళ్ళి చెప్పండి."

"ఎలా చెప్పను?"

"ఆ కాగితం ఎవరూ చెప్పకుండానే రాశారుగా. ఇదీ రాయండి."

టైలరు కాగితం తీసుకుని కూర్చున్నాడు. 'మేడమీద వారికి తెలియజేయునది ఏమనగా' దగ్గర ఆగిపోయాడు. ఇంకో కాగితం తీశాడు. అదీ అంతే, ఎలా మొదలుపెట్టినా చివరికి నియమంలాగే తయారవుతోంది. రెండూ చింపేసి, సాయంత్రం కండక్టరు పనిలోంచి వచ్చిన చప్పుడు వినపడగానే మేడ ఎక్కాడు. మెట్ల మొదట్లో కాగితం కూడా పీకి చేతిలో పట్టుకున్నాడు.

కండక్టరు అదే టబ్బులో వేణ్ణీళ్ళు పోసుకుని, పాదాలు పెట్టుకుని కూర్చుంది. పెద్దావిడ పక్కన బియ్యం ఏరుతోంది. కూర్చోమన్నా టైలరు కూర్చోలేదు.

"తప్పు నాది," అన్నాడు. "పైపుకి ఆ దారం చుట్టింది నేనే. మీ స్నానం నీళ్ళవల్ల ఒక్క చుక్క కూడా కారలేదు. నా ఇంటి తప్పు మీ నెత్తిన రుద్దాను. ఏడాదిపాటు రుద్దాను. పొద్దున్న ప్లంబరు అడిగితే అబద్ధం కూడా చెప్పాను."

కండక్టరు పాదాలు నీళ్ళలోంచి తీసింది. నవ్వుతుందనుకున్నాడు టైలరు. నవ్వలేదు.

"ఏడాది, బాబాయ్. నేను పనికెళ్ళాక అత్తయ్య ఆ మెట్లమీంచి జారిపడుతుందేమోనని, బస్సులో ఫోను మోగితే చాలు నా ప్రాణం పోయేది. ఇంటికొచ్చి మోకాళ్ళకి నూనె రాస్తుంటే, పాపం ఇల్లుగలాయనకి కారుతోందిగా, ఏం చేస్తాడులే అని మీ తరఫున మాట్లాడేది ఈవిడ. మీరొచ్చి చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు!"

"తెలిసేది," అంది పెద్దావిడ, చేటలోంచి తలెత్తకుండా. "పొద్దున్నే చూశాను. ఆ ఆకుపచ్చ దారం నేను ఆనవాలు పట్టలేనా?"

"మరి చెప్పలేదేం అక్కయ్యగారూ?"

"నువ్వు మెట్లెక్కుతావో లేదో చూద్దామని."

టైలరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా తోచలేదు. కండక్టరు చెయ్యి చాచి, టిక్కెట్టు అడిగినట్టు ఆ కాగితం అడిగింది. చదివింది.

"ఎలాగూ మూడు రోజులు పైన తడి తగలకూడదుగా. మేమిద్దరం మీ బాత్రూంలో హాయిగా నిలబడి పోసుకుంటాం. ఈ మూడు రోజులూ మీరు దీని ప్రకారం చెయ్యండి. టబ్బు నేనిస్తాను."

"చేస్తానమ్మా."

"నీళ్ళు వెనక మెట్ల మీదుగా అని రాశారు. మీరుండేది కింద కాబట్టి, బకెట్టుతో ఎక్కి, మళ్ళీ దిగి, అప్పుడు కాలవలో పొయ్యాలి. సగందాకా వెళ్ళి దిగిపోతే కుదరదు."

"అలాగే. మరి ఒకటో తారీకు..."

"అక్కడ మాటిచ్చేశాను. నేనేం చెప్పలేను, అత్తయ్య ఇష్టం."

పెద్దావిడ చేట ఒకసారి చెరిగింది. "ముందు నన్నొకసారి స్నానం చెయ్యనియ్యండి. తరవాత చూద్దాం."

*

మొదటిరోజు టైలరు టబ్బులో కూర్చున్నాడు గాని కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. లోపల పెడితే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి, బయట పెడితే రెండో నియమం అడ్డొస్తోంది. వీపుమీది సబ్బు ఎంత పోసుకున్నా వదల్లేదు. ఆ నీళ్ళు మూడు బకెట్లయ్యాయి. మూడుసార్లు ఎక్కి దిగాడు. పైమెట్టు మీద కండక్టరు నిలబడి "రైట్, రైట్!" అని అరుస్తుంటే, పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూశారు. ఎందుకలా మోస్తున్నావని వాళ్ళడిగితే, దాచకుండా దారం సంగతంతా చెప్పాడు. సాయంత్రానికి వీధివీధంతా తెలిసిపోయింది. గుండీ ఒకటి వదులైందని వచ్చిన ఖాతాదారు, "దారం వద్దులే మాస్టారూ, కాస్త సిమెంటు పెట్టండి," అన్నాడు. టైలరు కూడా నవ్వేశాడు.

రెండోరోజు నీళ్ళు తగ్గించి రెండు బకెట్లకి తెచ్చాడు. రెండోసారి దిగుతూ, బకెట్టు ముందు మెట్టుమీద పెట్టి, కమ్మీ పట్టుకుని, ఒక కాలు దించి, ఆగాడు. పెద్దావిడ దిగినట్టే దిగుతున్నాడు. ఎవరూ నేర్పలేదు, మెట్లే నేర్పాయి. ఆ మెట్టుమీదే కాసేపు కూర్చుండిపోయాడు.

మూడోరోజు ఆయన భార్య బకెట్టుకి చెయ్యి సాయం వెయ్యబోతే, పైనుంచి పెద్దావిడ కేకేసింది. "వద్దు వదినా, తమ్ముడు బాగా మోస్తున్నాడు!" భార్యాభర్తలిద్దరికీ ఆ గొంతు వింటే ప్రాణం లేచొచ్చింది. కానీ ఉంటారో వెళ్తారో ఆవిడ ఒక్క మాటా అనలేదు. కండక్టరు అప్పటికే కొన్ని సామాన్లు అట్టపెట్టెల్లో సర్దేసింది.

నాలుగోరోజు ప్లంబరు ఈసారి చెప్పిన వేళకే వచ్చి, పలకలు తట్టి చూసి కొళాయి విప్పాడు. పెద్దావిడ తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కండక్టరు ఆవేళ సెలవు పెట్టి, మేడమీద కిటికీ దగ్గర నిలబడింది.

కింద టైలరు బల్లమీది గిన్నె తీసేశాడు. లాయరుగారి కోసం కొత్తగా కొన్న తెల్లగుడ్డ సరిగ్గా మచ్చ కింద పరిచాడు.

"మతి పోయిందా? పడితే?" అంది భార్య.

"పడితే ఇంకో గుడ్డ కొంటా."

పైన మొదటి చెంబు దభీమంది. టైలరు గుడ్డవంక చూశాడు. రెండోది, మూడోది. ఇది టబ్బులో కూర్చుని పొదుపుగా పోసుకునే చప్పుడు కాదు. నిలబడి, నెత్తిమీంచి కుమ్మరించుకునే చప్పుడు. నేలమీద పడి, గోడలకి చింది, తూములోకి గలగలా పోతోంది.

"బాబాయ్!" కండక్టరు గొంతు ఈసారి బస్సులో గొంతే. "పడిందా?"

"పడలేదమ్మా!"

"అత్తయ్యా, పడలేదట! ఇంకో బకెట్టు!"

బకెట్టు నిండింది. మళ్ళీ చెంబు. భార్య చేత్తో గుడ్డని తడిమి చూసింది. పొడిగా ఉంది. చుక్క చుక్కకీ ఏడాదిగా బిగుసుకున్న టైలరు భుజాలు మెల్లగా కిందికి దిగాయి. పైన ఏదో పాట మొదలైంది. పెద్దావిడ పాడుతుందని ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మెట్లెక్కి దిగే ఆయాసంలో పాటకి ఊపిరెక్కడిది?

మూడో బకెట్టు మధ్యలో పాట ఆగింది. నీళ్ళ చప్పుడు మీదుగా ఆవిడ గొంతు కిందిదాకా వచ్చింది.

"ఏమే కోడలా! ఆ బస్టాండు ఇంటావిడకి ఫోను చేసి, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పెయ్యి. నేనింక బయటికి రాను!"

"ఇంట్లోంచా అత్తయ్యా, బాత్రూంలోంచా?"

"రెండిట్లోంచీ!"

టైలరు భార్య ఒక్క గెంతులో మెట్ల దగ్గరికి పరిగెత్తింది. టైలరు కళ్ళు తుడుచుకుని, సుద్ద అందుకుని, తెల్లగుడ్డ మీద నడుము గీత గీశాడు. పైన నాలుగో బకెట్టు నిండుతోంది.